పాత బండి పునరుద్ధరణలో పట్టేసిన క్లచ్, గేర్ బాక్సు, హబ్బు, ఇరుసు భాగాలను విప్పడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి జవాబులు ఏ బండ్లకు వర్తిస్తాయి?

షెడ్లలో, వేపచెట్ల కింద, రైసు మిల్లుల వెనక ఏళ్ల తరబడి నిలిచిపోయి, ఇప్పుడు మళ్లీ రోడ్డెక్కబోతున్న మూడు రకాల బండ్లను దృష్టిలో పెట్టుకుని ఈ జవాబులు రాస్తున్నాను. మొదటిది, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నమూనా ఆధారంగా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడా కర్మాగారంలో హిందుస్థాన్ మోటార్స్ 2014 దాకా తయారు చేసిన అంబాసిడర్. రెండవది, బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ తయారు చేసిన ఫియట్ 1100, అదే బండి తరువాతి రూపమైన ప్రీమియర్ పద్మిని. మూడవది, విల్లీస్ లైసెన్సుతో మహీంద్రా వారు చేసిన సీజే-3బీ తరహా జీపు. మూడింటిలోనూ ఇంజిన్ ముందుంటుంది, శక్తి క్లచ్, గేర్ బాక్సు, పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్ట్, డిఫరెన్షియల్ (వెనక ఇరుసు మధ్యలో శక్తిని రెండు చక్రాలకూ పంచే గేర్ల పెట్టె) మీదుగా వెనక చక్రాలకు చేరుతుంది. జీపులో అదనంగా శక్తిని ముందు చక్రాలకూ పంచే ట్రాన్స్‌ఫర్ కేసూ, ముందు ఇరుసూ ఉంటాయి. దారి ఒకటే కాబట్టి పట్టేసే చోట్లు కూడా దాదాపు ఒకటే.

బండి నెట్టినా కదలడం లేదు. ఎక్కడ పట్టేసిందో ఎలా కనిపెట్టాలి?

ఏది పట్టి ఉంచిందో తెలిసేదాకా సుత్తి పట్టుకోకూడదన్నది ఈ పనిలో నేను కచ్చితంగా పాటించే నియమం. వెనక భాగాన్ని జాకీతో లేపి, రెండు వైపులా గట్టి స్టాండ్లు పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి ఒక చక్రాన్ని చేత్తో తిప్పండి. రెండో చక్రం ఎదురు దిశలో తిరిగితే డిఫరెన్షియల్ లోపల పళ్లు స్వేచ్ఛగానే ఉన్నాయని అర్థం. చక్రం అసలు తిరగకపోతే ముందుగా అనుమానించవలసింది బ్రేకులనే. ‘గేర్ బాక్సు పట్టేసింది’ అని నా దగ్గరికి తెచ్చిన బండ్లలో చాలావాటికి అసలు కారణం బ్రేకు షూలు డ్రమ్ముకు తుప్పుతో అతుక్కుపోవడమో, హ్యాండ్ బ్రేకు కేబులు తన గొట్టంలోనే బిగుసుకుపోయి వెనక్కి రాకపోవడమో అయింది.

బ్రేకులు వదులుగానే ఉన్నాయని తేలాక, ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను డిఫరెన్షియల్ దగ్గర విప్పి చూడాలి. విప్పిన తరువాత చక్రాలు తిరిగితే లోపం ముందు వైపున, అంటే గేర్ బాక్సులోనో క్లచ్‌లోనో ఉంది. తిరగకపోతే వెనక ఇరుసులోనే ఉంది. అంబాసిడర్, ఫియట్ యజమానులు ఇంకొకటి గమనించాలి. ఈ బండ్లలో ఎక్కువవాటికి గేరు లీవరు స్టీరింగ్ పక్కన ఉండి, పొడవాటి రాడ్ల ద్వారా గేర్ బాక్సును కదిలిస్తుంది. ఆ రాడ్ల బుష్‌లు తుప్పు పట్టినా లీవరు కదలదు. రాడ్లను గేర్ బాక్సు దగ్గర ఊడదీసి, అక్కడున్న చిన్న లీవరును చేత్తో కదిపి చూస్తే, గేర్ బాక్సు దించవలసిన పనే తప్పిపోవచ్చు.

ఒక మామూలు నట్టును తుప్పు అంత గట్టిగా ఎలా పట్టుకుంటుంది?

ఇనుము తుప్పుగా మారినప్పుడు ముందున్న దానికి రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. రెండు మరల మధ్య ఉన్న సన్నని సందులో ఆ చోటు లేదు కాబట్టి, తుప్పు రెండు వైపులా ఒత్తి చీలలాగా బిగుసుకుంటుంది. అల్యూమినియం హౌసింగ్‌లో (గేర్లను కప్పే పెట్టెలో) ఉక్కు స్టడ్ (తల లేని మర కడ్డీ) ఉన్న చోట ఇబ్బంది వేరే రకంగా వస్తుంది: తేమ తగిలితే ఆ రెండు లోహాల మధ్య విద్యుత్ రసాయన చర్య జరిగి, అల్యూమినియం తెల్లటి పొడిగా మారి స్టడ్ చుట్టూ గట్టిపడుతుంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్ర తీరపు ఊళ్ల బండ్లలో ఉప్పుగాలి వల్ల ఈ తెల్ల పొడి మరీ ఎక్కువగా కనిపిస్తుంది. మూడో రకం పట్టు తుప్పుతో సంబంధం లేనిది. కోసుగా (చివరికి సన్నబడేలా) చెక్కిన ఇరుసు మీదికి కోసు రంధ్రమున్న హబ్బును (చక్రం బిగించే మధ్య భాగాన్ని) బిగించినప్పుడు, కొత్తదైనా సరే, ఆ పట్టు అలాగే ఉండాలన్నదే దాన్ని చేసినవారి ఉద్దేశం. ఈ మూడింటికీ మూడు వేర్వేరు మందులు.

ఏ నూనె వాడాలి? ఎంతసేపు ఆగాలి?

మార్కెట్‌లో దొరికే అసలైన పెనెట్రేటింగ్ ఆయిల్ ఏదైనా పనికివస్తుంది. డబ్ల్యూడీ-40 డబ్బా ప్రతి షెడ్డులోనూ ఉంటుంది గానీ, అది 1953లో తేమను తరిమికొట్టడానికి తయారైన ద్రవమని దాని పేరే చెబుతుంది; తేలికగా పట్టిన చోట సాయపడుతుంది, ముప్పై ఏళ్ల తుప్పుకు చాలదు. చాలామంది మెకానిక్కులు ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్‌నూ అసిటోన్‌నూ సగం సగం కలిపి వాడతారు, నేనూ వాడతాను. ఆ రెండూ నిలకడగా కలిసి ఉండవు కాబట్టి ప్రతిసారీ బాగా కుదిపి పోయాలి, లోహపు డబ్బాలోనే ఉంచాలి, రంగు మీదా రబ్బరు మీదా పడకుండా చూసుకోవాలి, దగ్గరలో నిప్పు ఉండకూడదు.

నూనె కన్నా ముఖ్యమైనది ఓపిక. మర చుట్టూ ఉన్న మట్టినీ పాత గ్రీజునూ వైర్ బ్రష్‌తో పూర్తిగా తీసేసి, ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి నూనె వేసి, వేసిన ప్రతిసారీ బోల్టు తల మీద చిన్న సుత్తితో పదిపదిహేను తేలికపాటి దెబ్బలు వేయాలి. ఆ అదురుకు తుప్పులో సన్నని పగుళ్లు ఏర్పడి నూనె లోపలికి పాకుతుంది. ఇలా మూడు నాలుగు రోజులు చేశాక పానా పట్టుకుంటే చాలా బోల్టులు మారు మాట్లాడకుండా వస్తాయి. విప్పేటప్పుడు కూడా ముందు కొంచెం బిగించే వైపు తిప్పి, ‘టక్’మన్న చప్పుడు వచ్చాక విప్పే వైపు పావు చుట్టు, మళ్లీ వెనక్కి, మళ్లీ ముందుకు తిప్పుతూ తీయాలి. ఒకే ఊపున లాగితే మరల్లో ఉన్న తుప్పు పొడి ఒకచోట పేరుకుని స్టడ్ విరుగుతుంది.

మంచి పానా వాడుతున్నా బోల్టు తలలు ఎందుకు గుండ్రమైపోతున్నాయి?

ఎందుకంటే అంబాసిడర్‌లోనూ జీపులోనూ ఉన్నవి అంగుళాల కొలత బోల్టులు, మన షెడ్లలో ఉన్నవి మిల్లీమీటర్ల పానాలు. నేను చూసిన నష్టాలలో దీని వల్ల జరిగినంత నష్టం తుప్పు వల్ల కూడా జరగలేదు. అర అంగుళం తల అంటే 12.7 మిల్లీమీటర్లు, దానికి 13 పానా పెడితే దాదాపు సరిపోయినట్టే ఉంటుంది, కానీ ఉన్న 0.3 మిల్లీమీటరు వదులు తుప్పు పట్టిన బోల్టు తల అంచులను చెక్కేయడానికి చాలు. 9/16 అంగుళం తల 14.29 మిల్లీమీటర్లు కాబట్టి 14 పానా ఎక్కదు, 15 పానా జారిపోతుంది. 7/16 అంగుళం అంటే 11.11, కనుక 11 పానా సుత్తితో కొట్టి ఎక్కించేవారున్నారు. వీటిలో 3/4 అంగుళం మాత్రమే 19.05 కాబట్టి 19 పానాకు నిజంగా సరిపోతుంది. ఫియట్ పద్మిని మొదటి నుంచీ మిల్లీమీటర్ల బండి. తరువాతి కాలపు ఇసుజు ఇంజిన్ అంబాసిడర్లలో ఇంజిన్ వైపు మిల్లీమీటర్లు, పాత భాగాల వైపు అంగుళాలు రెండూ కనిపిస్తాయి. కాబట్టి ప్రతి బోల్టునూ వెర్నియర్‌తో కొలిచి చూడటం మంచిది.

ఇంకా పాత బ్రిటిష్ బండ్లు, ఉదాహరణకు రెండో ప్రపంచ యుద్ధానికి ముందటివి, చేతికొస్తే విట్‌వర్త్ (పాత బ్రిటిష్ మర కొలత) పానాలు కావాలి. అందులోనూ ఒక వింత ఉంది. మోరిస్ సంస్థ 1923లో కొవెంట్రీలో ఉన్న హాచ్‌కిస్ అనే ఫ్రెంచి సంస్థ ఇంజిన్ కర్మాగారాన్ని కొన్నది. అక్కడి యంత్రాలు మిల్లీమీటర్ల మరలు కోసేవి, ఇంగ్లండ్ మెకానిక్కుల దగ్గరున్నవేమో విట్‌వర్త్ పానాలు. అందుచేత చాలా ఏళ్ల పాటు కొన్ని మోరిస్ ఇంజిన్ల బోల్టులకు మర మిల్లీమీటర్లలోనూ తల విట్‌వర్త్ కొలతలోనూ ఉండేవి. అలాంటి బోల్టు పోతే బజారులో దొరకదు, లేత్ మీద చేయించుకోవలసిందే.

ఎడమ మరలు ఎక్కడ ఉంటాయి?

విల్లీస్ తరహా జీపులలో ఎడమ వైపు చక్రాల స్టడ్లకు ఎడమ మర ఉంటుంది. వాటిని సవ్య దిశలో తిప్పితేనే నట్టు ఊడుతుంది. స్టడ్ చివరనో నట్టు మీదనో ఒక గుర్తు చెక్కి ఉండవచ్చు, కానీ రంగు కింద అది కనిపించదు. తెలియక నాలుగడుగుల గొట్టం తగిలించి అపసవ్య దిశలో తిప్పి, ఐదు స్టడ్లూ వరుసగా విరగ్గొట్టిన బండిని నేను చూశాను. నట్టు బయట కనిపిస్తున్న మరను శుభ్రంగా తుడిచి, మెట్లు ఏ వైపుకు వాలుతున్నాయో చూడటానికి అర నిమిషం చాలు.

వేడి చేయవచ్చా? ఎంత చేయాలి?

చేయవచ్చు, కానీ బయటి భాగాన్ని మాత్రమే, త్వరగా, కొలతగా చేయాలి. ఉక్కు ఒక డిగ్రీ వేడికి మీటరుకు సుమారు 12 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సాగుతుంది. 30 మిల్లీమీటర్ల రంధ్రమున్న హబ్బును లోపలి ఇరుసు కన్నా 150 డిగ్రీలు ఎక్కువ వేడి చేస్తే, ఆ రంధ్రం 0.05 మిల్లీమీటరు పెరుగుతుంది. వెంట్రుక మందం కన్నా తక్కువే అయినా, తుప్పు పట్టును తెంచడానికి అది చాలు. వేడి నెమ్మదిగా పెడితే లోపలి ఇరుసు కూడా అంతే వేడెక్కి అంతే సాగుతుంది, ప్రయోజనం ఉండదు. అందుకే వంటగ్యాస్ బర్నరు కన్నా గ్యాస్ వెల్డింగ్ మంట మేలు.

వేడి హద్దులు తెలుసుకోవాలి. బేరింగులను 125 డిగ్రీలు దాటనివ్వకూడదు. గేరు పళ్లకూ ఇరుసు షాఫ్ట్‌కూ పై పొర గట్టిదనం ఇచ్చి ఉంటారు. శుభ్రంగా మెరిసే ఉక్కు మీద లేత గడ్డి రంగు కనిపిస్తే 220 డిగ్రీల చుట్టుపక్కలకు, నీలం కనిపిస్తే 300 దగ్గరికి చేరినట్టు, అంటే ఆ గట్టిదనం పోతున్నట్టు. ఎర్రగా కాల్చిన గేరు మళ్లీ బండిలో వేయడానికి పనికిరాదు. వేడి చేసిన పోత ఇనుము మీద నీళ్లు చల్లకూడదు, పగులుతుంది. పెట్రోలు ట్యాంకు, బ్రేకు గొట్టాలు, ఆయిలు సీళ్లు దగ్గరలో ఉంటే ముందు వాటిని తీసేయాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, క్లోరిన్ కలిసిన బ్రేకు క్లీనరు చల్లిన చోట మంట పెట్టకూడదు. ఆ ఆవిరి మంటలో ఫాస్జీన్ అనే విషవాయువుగా మారుతుంది, అది ఊపిరితిత్తులను దెబ్బ తీస్తుంది.

అల్యూమినియం హౌసింగ్ అయితే మంట అక్కరలేదు. అల్యూమినియం ఉక్కు కన్నా దాదాపు రెండింతలు సాగుతుంది. 72 మిల్లీమీటర్ల బేరింగు కూర్చున్న హౌసింగ్ మీద సలసల కాగిన నీళ్లు పోస్తే, బేరింగు కూడా అంతే వేడెక్కినా, రెండింటి మధ్య 0.05 మిల్లీమీటరు తేడా వస్తుంది. చెక్క దిమ్మ మీద హౌసింగ్‌ను బోర్లించి నెమ్మదిగా తడితే చాలాసార్లు బేరింగు తనంత తానే జారి కింద పడుతుంది. పని కాగానే హౌసింగ్‌ను ఆరబెట్టి నూనె రాయడం మరవకూడదు.

జీపు వెనక హబ్బు ఎంత కొట్టినా రావడం లేదు. ఏం చేయాలి?

అన్నిటికన్నా ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే, ఎక్కువ భాగాలు పాడయ్యేదీ ఇక్కడే. ముందు మీ ఇరుసు ఏ తరహాదో చూసుకోండి. యుద్ధకాలపు విల్లీస్ ఎంబీ జీపులో వెనక ఇరుసు ఫుల్ ఫ్లోటింగ్ రకం, అంటే బండి బరువు షాఫ్ట్ మీద పడనిది. మధ్యలో ఉన్న ఆరు బోల్టులు విప్పితే షాఫ్ట్ బయటికి వస్తుంది. తరువాతి సివిల్ జీపులలో ఎక్కువగా ఉన్నది కోసు షాఫ్ట్. దాని చివర పెద్ద నట్టు, నట్టుకు స్ప్లిట్ పిన్ను (నట్టు తిరగకుండా అడ్డం దూర్చే రెండు కాళ్ల పిన్ను), షాఫ్ట్‌కూ హబ్బుకూ మధ్య ఒక పొడవాటి కీ (రెండూ కలిసి తిరిగేలా గాడిలో కూర్చునే ఉక్కు ముక్క) ఉంటాయి. ఈ రెండో రకం గురించే ఈ జవాబు.

మొదట బ్రేకు అడ్జస్టర్లను పూర్తిగా వెనక్కి తిప్పాలి. అరిగిన డ్రమ్ము లోపల అంచు మిగిలి ఉంటుంది, షూలు ఆ అంచుకు తగులుకుంటే హబ్బు వదిలినా డ్రమ్ము రాదు. తరువాత స్ప్లిట్ పిన్ను తీసి, ఇరుసు నట్టును విప్పి, తిరగేసి, షాఫ్ట్ చివరతో సమంగా వచ్చేదాకా మళ్లీ ఎక్కించి ఉంచాలి. నట్టును పూర్తిగా తీయకూడదు. కోసు వదిలినప్పుడు హబ్బు డ్రమ్ముతో సహా తుపాకీ పేలినట్టు చప్పుడు చేస్తూ ఎగిరి వస్తుంది; ఎదురుగా మోకాలు ఉంటే మోకాలు పోతుంది. మర కాపాడేదీ మనిషిని కాపాడేదీ ఆ నట్టే.

పుల్లర్ (లాగి ఊడదీసే పనిముట్టు) విషయంలో రాజీ పడవద్దు. డ్రమ్ము అంచు పట్టుకుని లాగే మూడు కాళ్ల పుల్లర్ డ్రమ్మును వంచుతుంది, హబ్బును కదిలించదు. కావలసింది చక్రం స్టడ్లకే నట్లతో బిగించే బరువైన హబ్బు పుల్లర్. లేత్ షాపులో 20 మిల్లీమీటర్ల మందం ప్లేటు నుంచి చేయించుకోవచ్చు. మధ్య స్క్రూను పొడవాటి రాడ్‌తో గట్టిగా బిగించి, స్క్రూకు అడ్డంగా ఉన్న రెక్క మీద, అంటే బిగిసే దిశలో, సమ్మెటతో కొట్టాలి. స్క్రూ చివర మీద నేరుగా కొట్టడం మాత్రం తప్పు. ఈ ఇరుసులలో ఎడమ కుడి షాఫ్ట్‌ల మధ్య ఒక థ్రస్ట్ బ్లాకు ఉంటుంది. ఒక చివర వేసిన దెబ్బ ఆ బ్లాకు మీదుగా రెండో వైపు బేరింగుకు చేరి దాన్ని గుంటలు పడేలా చేస్తుంది. ఆ నష్టం ఆ రోజు కనిపించదు, బండి రోడ్డెక్కిన తరువాత గుంయ్‌మన్న శబ్దంగా బయటపడుతుంది.

బిగించిన పుల్లర్‌ను అలాగే ఒక రాత్రి వదిలేయండి. మరునాడు మరో పావు చుట్టు బిగించి, హబ్బు మధ్య భాగాన్ని చుట్టూ సమంగా, రెండు నిమిషాలకు మించకుండా వేడి చేసి, రెక్క మీద రెండు దెబ్బలు వేసి మళ్లీ వదిలేయండి. కోసు పట్టు లోపలికి నూనె పెద్దగా పాకదు, కాబట్టి ఇక్కడ బిగువూ వేడీ కాలమే పని చేస్తాయి. కాకినాడ దగ్గర ఒక చేపల చెరువు గట్టు మీద ఏళ్ల తరబడి నిలిచిన జీపు హబ్బు నాకు ఐదు రోజులు పట్టింది. ఐదో రోజు రాత్రి, షెడ్డులో ఎవ్వరూ లేనప్పుడు, అదే వదిలింది. పొద్దున తాళం తీసేసరికి హబ్బు నట్టుకు ఆని ఉంది. తుడిచి చూస్తే కోసు మీద తుప్పు ఒక్క చుక్క లేదు, అద్దంలా మెరుస్తోంది.

బండి నడిచే స్థితిలో ఉంటే మరో పద్ధతి ఉంది. నట్టును ఒకటిన్నర చుట్టు వదులు చేసి, స్ప్లిట్ పిన్ను తిరిగి పెట్టి, ఖాళీ మైదానంలో నడక వేగంతో మలుపులు తిప్పితే హబ్బు వదులుతుంది. రోడ్డు మీద ఈ పని చేయకూడదు. టక్‌మన్న శబ్దం వినగానే ఆపేయాలి.

ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసుల కప్పులు బయటికి రావడం లేదు. ఎలా?

క్రాసు అంటే షాఫ్ట్ కీలులో ఉండే నాలుగు చేతుల ముక్క, కప్పులు దాని చివర్లకు తొడిగే బేరింగు గిన్నెలు, యోకు వాటిని పట్టుకునే చెవుల భాగం. విప్పే ముందు షాఫ్ట్ యోకులకూ ఫ్లాంజీలకూ (బోల్టులతో కలిసే చదును బిళ్లలకూ) ఉలితో గుర్తులు పెట్టండి; తిరిగి బిగించేటప్పుడు వాటి వరుస మారితే బండి వణుకుతుంది. లాకు రింగు గాడిలో ఇసుకా తుప్పూ నిండి ఉంటాయి కాబట్టి సూదిలాంటి కొక్కెంతో గాడిని చుట్టూ గీకి శుభ్రం చేయాలి. లాకు బయటికి రాకుండా ఉంటే, కప్పును లోపలికి కొంచెం కొట్టండి. లాకు మీద ఒత్తిడి తగ్గి ఊడుతుంది. తరువాత పెద్ద వైసులో ఒక వైపు కప్పు కన్నా చిన్న సాకెట్, రెండో వైపు కప్పు కన్నా పెద్ద సాకెట్ పెట్టి నొక్కితే కప్పు పెద్ద సాకెట్ లోపలికి వస్తుంది. యోకు చెవి మీద సుత్తితో కొట్టడం షెడ్లలో అలవాటే గానీ, చెవి కాస్త వంగినా కొత్త క్రాసు నిటారుగా కూర్చోదు. మరీ మొండికేస్తే క్రాసును మధ్యలో కోసేయండి. క్రాసు మళ్లీ కొనుక్కోవచ్చు, యోకు దొరకదు.

క్లచ్ ప్లేటు ఫ్లైవీలుకు అతుక్కుపోయింది. ఇంజిన్ దించకుండా విడదీయవచ్చా?

ఎక్కువసార్లు విడదీయవచ్చు. గేరు వేసి, క్లచ్ తొక్కి, బండిని నెట్టినప్పుడు ఇంజిన్ కూడా తిరుగుతుంటే, పెడలు పూర్తి దూరం పనిచేస్తున్నా ప్లేటు వదలడం లేదని అర్థం. మొదట క్లచ్ పెడలును కిందకి నొక్కి, సీటుకూ పెడలుకూ మధ్య చెక్క ముక్క ఆనించి రెండు మూడు రోజులు ఉంచండి. ఇంజిన్ నడిచే స్థితిలో ఉంటే అరగంట సేపు నడిపి, వేడెక్కాక ఆపండి. అప్పుడు ముందూ వెనకా ఖాళీ ఉన్న చోట, చక్రాలు నేల మీదే ఉంచి, టాప్ గేరు వేసి, హ్యాండ్ బ్రేకు లాగి, ఫుట్ బ్రేకు కూడా తొక్కి, క్లచ్ తొక్కి ఉంచి, స్టార్టరును ఒక్క క్షణం మాత్రం తాకించి వదలాలి. రెండు మూడు సార్లకు వదలకపోతే ఆపేయండి, స్టార్టరు పళ్లు పోతాయి. జాకీ మీద ఉన్న బండితో ఈ పని ఎప్పుడూ చేయకూడదు.

విడిపోయినా సరే, ఫ్లైవీలు మీద తుప్పు మచ్చలు మిగిలి క్లచ్ అదురుతుంది కాబట్టి గేర్ బాక్సు దించినప్పుడు చూసుకోవడం మంచిది. పాత క్లచ్, బ్రేకు లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. ఆ దుమ్మును కంప్రెసరు గాలితో ఊదకండి; నీళ్లతో తడిపి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూటగట్టి పారవేయండి.

బోల్టులన్నీ తీసినా గేర్ బాక్సు ఇంజిన్ నుంచి విడివడటం లేదు. ఎందుకు?

బోల్టులన్నీ తీశామని అనుకుంటాం, కానీ స్టార్టరు బోల్టులలో ఒకటి గేర్ బాక్సును కూడా పట్టి ఉంచుతుందని మరిచిపోతాం. ముందు అది చూడండి. తరువాత అనుమానించవలసినవి హౌసింగ్‌ను వరుసలో నిలిపే డోవెల్ పిన్నులు, పైలట్ బుష్‌లో (ఇంజిన్ క్రాంక్ షాఫ్ట్ చివర ఉండే చిన్న లోహపు గొట్టంలో) పట్టేసిన గేర్ బాక్సు ముందు షాఫ్ట్. డోవెల్ చుట్టూ నూనె వేసి, రెండు వైపులా మార్చి మార్చి చెక్క చీలలు దిగగొట్టాలి. ఒకే పక్క స్క్రూడ్రైవరు పెట్టి ఎత్తితే ఏమవుతుందో నాకు అనుభవమే: తొలి రోజుల్లో ఒక గేర్ బాక్సు అల్యూమినియం చెవి అలాగే విరగ్గొట్టాను, ఆర్గాన్ వెల్డింగ్ చేయించి ఆ పగులును అతికించినా, ఆ ముఖాన్ని మళ్లీ సమంగా తీయించడానికి నెల పట్టింది.

గేర్ బాక్సు కింద రెండో జాకీ ఉండి తీరాలి. విడిపోయే క్షణంలో దాని బరువంతా ముందు షాఫ్ట్ మీద వేలాడితే క్లచ్ ప్లేటు హబ్బు వంగుతుంది. పై రెండు బోల్టుల స్థానంలో తలలు కోసేసిన పొడవాటి బోల్టులు బిగిస్తే, గేర్ బాక్సు వాటి మీద జారుతూ నిటారుగా వెనక్కి వస్తుంది. తిరిగి ఎక్కించేటప్పుడూ అవే దారి చూపిస్తాయి. పైలట్ బుష్ క్రాంక్ చివర మిగిలిపోతే, ఆ రంధ్రం నిండా గ్రీజు దట్టించి, రంధ్రానికి సరిగ్గా పట్టే ఉక్కు కడ్డీ పెట్టి సుత్తితో కొట్టండి. గ్రీజుకు వెళ్లే దారి లేక బుష్‌ను వెనక నుంచి తోస్తుంది.

పినియన్ నట్టు విప్పేటప్పుడు ఏ జాగ్రత్త తీసుకోవాలి?

పినియన్ అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ శక్తిని డిఫరెన్షియల్‌లోని పెద్ద క్రౌన్ గేరుకు అందించే చిన్న గేరు. దాని నట్టును అవసరం లేకపోతే విప్పవద్దు. ఆ నట్టు బిగువు పినియన్ బేరింగుల ఒత్తిడిని నిర్ణయిస్తుంది, ఆ ఒత్తిడి తప్పితే క్రౌన్ పినియన్ కొన్ని వందల కిలోమీటర్లలోనే అరుస్తుంది. విప్పక తప్పకపోతే నట్టు, షాఫ్ట్, ఫ్లాంజీల మీద ఒకే గీతలో గుర్తు పెట్టి, ఎన్ని మరలు బయటికి ఉన్నాయో లెక్కపెట్టి రాసుకోండి. ఫ్లాంజీని రెండు బోల్టులతో పొడవాటి పట్టీకి బిగించి, ఆ పట్టీని నేలకు ఆనిస్తే షాఫ్ట్ తిరగకుండా ఉంటుంది. గేరు వేసి ఆపే ప్రయత్నం చేస్తే గేర్ బాక్సు పళ్ల మీద భారం పడుతుంది.

స్టడ్ విరిగింది. ఇప్పుడు?

విరిగిన ముక్క కొంచెమైనా బయటికి ఉంటే, దాని మీద ఒక నట్టు పెట్టి, రంధ్రం లోపల వెల్డింగ్ నింపి, ఎరుపు పోయేదాకా ఆగి, పానాతో తిప్పడం అన్నిటికన్నా మంచి మార్గం. వేడి తుప్పును విడదీస్తుంది, నట్టు పట్టునిస్తుంది. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీసేయాలి, ఎర్తు క్లిప్పును ఆ భాగానికే తగిలించాలి, లేకపోతే కరెంటు బేరింగుల మీదుగా ప్రయాణించి వాటిని కాల్చేస్తుంది. ముక్క లోపలే ఉండిపోతే సెంటరు పంచ్‌తో సరిగ్గా మధ్యలో గుర్తు పెట్టి, ఎడమ మర డ్రిల్లు బిట్‌తో రంధ్రం చేయండి. తరచుగా డ్రిల్లు చేస్తుండగానే ముక్క బయటికి తిరుగుతుంది. ఈజీ అవుట్ (విరిగిన ముక్కను లోపలి నుంచి పట్టి తిప్పే పనిముట్టు) వాడేవారు ఒక్క విషయం గుర్తుంచుకోవాలి: అది లోపల విరిగితే ఏ మామూలు డ్రిల్లూ దాన్ని కోయలేదు.

విప్పిన భాగాల తుప్పు ఎలా వదిలించాలి?

పోత ఇనుముకూ మామూలు ఉక్కుకూ చాకలి సోడా కలిపిన నీళ్లలో బ్యాటరీ ఛార్జరుతో చేసే విద్యుద్విశ్లేషణ బాగా పనిచేస్తుంది. భాగాన్ని నెగటివ్‌కు, పారేసే ఇనుప ముక్కను పాజిటివ్‌కు కలపాలి. స్టెయిన్‌లెస్ స్టీలు ముక్క పెట్టవద్దు, విషపూరితమైన క్రోమియం నీళ్లలో కలుస్తుంది. హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కాబట్టి ఆరుబయటే చేయాలి. క్లచ్ స్ప్రింగుల వంటి గట్టిపరచిన ఉక్కును దీనిలో వేస్తే పెళుసుబారుతుంది. తొందర లేనివారికి మొలాసిస్ మంచిది. చక్కెర మిల్లు మొలాసిస్ ఒక వంతు, నీళ్లు తొమ్మిది వంతులు కలిపి భాగాన్ని రెండు మూడు వారాలు నానబెడితే, తుప్పును మాత్రమే తిని ఇనుమును వదిలేస్తుంది. అల్యూమినియానికి ఈ రెండూ పనికిరావు.

రాని భాగాన్ని కోసేయవచ్చా?

రెండు భాగాలు పట్టేసి ఉన్నప్పుడు ఏది మళ్లీ దొరుకుతుందో దాన్ని కోయాలి. నట్టు, స్టడ్, బుష్, క్రాసు, బేరింగు కోయవచ్చు. హబ్బు, యోకు, గేర్ బాక్సు హౌసింగ్, ఇరుసు కోయకూడదు. ఇంజిన్, ఛాసిస్ జోలికి వెళ్లే ముందు నిబంధన కూడా తెలుసుకోండి: 2021 జూలైలో కేంద్ర రవాణా శాఖ ప్రకటించిన నియమాల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండిని ‘వీఏ’ శ్రేణిలో వింటేజ్‌గా నమోదు చేసుకోవాలంటే ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలి. నంబరు చెక్కిన చోట గ్రైండరు తగిలితే ఆ అక్షరాలు తిరిగి రావు.

తిరిగి బిగించేటప్పుడు మళ్లీ పట్టేయకుండా ఏం రాయాలి?

హౌసింగ్ బోల్టులకూ అల్యూమినియంలో దిగే స్టడ్లకూ డోవెల్ పిన్నులకూ యాంటీ సీజ్ పేస్టు పలుచగా రాయండి. పేస్టు రాసిన బోల్టు అదే బలానికి ఎక్కువ బిగుస్తుంది కాబట్టి టార్క్ కాస్త తగ్గించాలి. క్లచ్ స్ప్లైన్ల (షాఫ్ట్ మీది నిలువు గాళ్ల) మీద గ్రీజు తుడిచీ తుడవనంతగా మాత్రమే ఉండాలి. ఇత్తడి సింక్రో రింగులున్న (గేరు మారేటప్పుడు వేగాలు కలిపే రింగులున్న) గేర్ బాక్సులో జీఎల్-4 రకం గేరు ఆయిలు పోయండి, డిఫరెన్షియల్ కోసం అమ్మే జీఎల్-5 పోయకండి. జీపు ఇరుసు కోసు మీద మాత్రం పేస్టూ గ్రీజూ ఏమీ రాయకూడదు. దాన్ని పొడిగా, వేలి ముద్ర కూడా లేకుండా తుడిచి, కొత్త కీ వేసి, మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కు నట్టు బిగించి, స్ప్లిట్ పిన్ను రంధ్రం కలవకపోతే వెనక్కి వదలకుండా ముందుకే తదుపరి గాడి దాకా బిగించాలి. వంద కిలోమీటర్లు నడిపాక పిన్ను తీసి నట్టు బిగువు మరోసారి చూసి, కొత్త పిన్ను వేయండి.